అందరును త్రాగుచున్నారా? – కళాశాలకు పిల్లలను పంపిన తల్లిదండ్రులకు ఒక పాఠము

పంట చేతికి వచ్చిన పిదప రైతు విత్తనమునకు కొంత, పిల్లల చదువునకు కొంత సొమ్ము వేరుగా తీసిపెట్టు దినములివి. ఒక తరము క్రిందట తాలూకా కేంద్రము దాటి ఎరుగని కుటుంబములనుండి నేడు బాలురును బాలికలును హైదరాబాదు, వరంగల్లు, విజయవాడ, విశాఖపట్టణము, తిరుపతి నగరములకు చదువు కొరకు వెళ్లుచున్నారు. కొందరు బెంగుళూరు, చెన్నపట్టణములకును, మరికొందరు సముద్రములు దాటి అమెరికాకును పోవుచున్నారు. ఇది మన గ్రామములు గర్వింపదగిన విషయము. పెట్టె సర్దునపుడు తల్లి ఆవకాయ సీసా మరువదు. తండ్రి ఫీజు సొమ్ము రెండుమార్లు లెక్కించి ఇచ్చును. తాతగారు "బుద్ధిగా చదువుకో" అని దీవించును. అయితే బుద్ధిగా నుండుట యనగా నేమి, ఎట్టి వేళ ఎట్టి ఆపద ఎదురగును అను సంగతి విప్పి చెప్పువారు అరుదు.

ముఖ్యముగా రెండు విషయములను గూర్చి మన ఇండ్లలో నోరు పెగలదు. మొదటిది మద్యము. రెండవది, వివాహముతో గాని దీర్ఘపరిచయముతో గాని నిమిత్తము లేకుండ, యువతీయువకుల మధ్య ఒకానొక రాత్రి తొందరపాటున ఏర్పడు శారీరక సంబంధము. ఈ రెండును తరచుగా ఒకే విందులో, ఒకే రాత్రి కలియును. కలిసినపుడు ఒకదాని హానిని రెండవది పెంచును. సిగ్గుపడి ఈ సంగతులను దాచుటవలన పిల్లలకు మేలు కలుగదు. కనుక పెద్దలు చదివి, పిల్లల చేతను చదివింపదగినట్లు ఈ నెల పాఠమును వ్రాయుచున్నాము.

"అందరును" అను మాటలోని అబద్ధము

క్రొత్తగా హాస్టలులో చేరిన 18 ఏండ్ల యువకునికి ఊరు దూరమైనది. ఇంటి వారి కన్ను దూరమైనది. తన గదిలోని వారు మెచ్చుకొనిన చాలునని అతనికి తోచును. పుట్టినరోజు అనియో, పరీక్షలు ముగిసినవనియో, డిసెంబరు 31 రాత్రి అనియో ఒక విందు జరుగును. అక్కడ అతనికి వినిపించు మాట ఒక్కటే: "అందరూ తాగుతున్నారు, నీకేమైందిరా?" యువతికిని అట్టి మాటయే మరియొక రూపమున వినవచ్చును: "ఈ రోజుల్లో అందరూ ఇంతే, నువ్వొక్కదానివే పల్లెటూరిదానిలా ఉన్నావు."

ఈ "అందరును" అను మాట నిజమా? దీనిని కొందరు పండితులు శాస్త్రీయముగా పరీక్షించి చూచిరి. అమెరికాలో న్యూయార్కు రాష్ట్రమందలి ఒక కళాశాలలో పెర్కిన్స్, బెర్కొవిట్జ్ అను ఇరువురు జరిపిన పరిశోధన 1986లో ప్రచురింపబడినది. విద్యార్థులలో పెక్కుమంది స్వంత అభిప్రాయము మితముగానే యున్నది. కాని తోటివారు మాత్రము అతిగా త్రాగుటను ఆమోదింతురని వారు భ్రమపడుచుండిరి. అనగా నూరుగురు కూడిన చోట ప్రతివాడును తానొక్కడే వెనుకాడుచున్నాననియు, తక్కినవారెల్లరు ఉత్సాహపడుచున్నారనియు తలచుచుండెను.

2003లో లాంబర్ట్, కాన్, ఆపిల్ అను పరిశోధకులు ఇదే విషయమును తాత్కాలిక శారీరక సంబంధముల యెడ పరీక్షించిరి. ఫలితము అట్లే వచ్చినది. యువకులును యువతులును తమకున్న సంకోచము తోటివారికి లేదని తలచిరి. అంతేగాక, అవతలివారికి అట్టి సంబంధమునందు నిజముగా నున్న ఇష్టముకంటె ఎక్కువ ఇష్టమున్నదని ఉభయులును ఊహించిరి. ఈ రెండవ పొరపాటు మిక్కిలి ప్రమాదకరమైనది. "ఆమెకును ఇష్టమే" అని యువకుడు ఊహించును. "కాదన్నచో నన్ను వెలివేయుదురు" అని ఆమె మౌనము వహించును. ఇరువురిలో ఎవ్వరును నోరు తెరచి అడుగరు.

మన దేశపు లెక్కలును చూడుడు. కేంద్ర ప్రభుత్వ సామాజిక న్యాయ మంత్రిత్వ శాఖ పక్షమున ఢిల్లీ ఎయిమ్స్ వైద్యులు జరిపిన దేశవ్యాప్త సర్వే 2019లో వెలువడినది. 10 మొదలు 75 ఏండ్ల వరకు గల పురుషులలో మద్యము త్రాగువారు నూటికి 27 మంది. స్త్రీలలో నూటికి ఇరువురైనను లేరు. తెలంగాణములో ఈ అలవాటు హెచ్చుగా నున్నది. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము అక్కడ 15 ఏండ్లు దాటిన పురుషులలో నూటికి 43 మంది త్రాగుదురు. ఇది చిన్న సంఖ్య కాదు. అయినను త్రాగనివారి సంఖ్యయే అచ్చటను అధికము. కావున "అందరును" అను మాట అబద్ధమని పిల్లలకు చెప్పవలయును. వద్దన్నవాడు ఒంటరివాడు కాడు. అతని పక్షమున అదే గదిలో నోరు మెదపని వారు మరికొందరుందురు.

మద్యము మెదడునందు చేయు పని

మద్యము సిగ్గును పోగొట్టి ధైర్యము నిచ్చునని పలువురు నమ్ముదురు. నిజమునకు అది క్రొత్త ధైర్యము దేనిని ఇయ్యదు. ముందువెనుకలు చూచు శక్తిని తగ్గించును. దీనిని స్టీల్, జోసెఫ్స్ అను మనస్తత్త్వ శాస్త్రజ్ఞులు 1990లో హ్రస్వదృష్టితో పోల్చిరి. హ్రస్వదృష్టి గలవానికి దగ్గరి వస్తువు కనిపించును, దూరపు వస్తువు మసకబారును. మత్తులోనున్నవానికి కూడ ఎదుటనున్న సుఖము పెద్దదిగను, రేపు రానున్న కష్టము చిన్నదిగను కనబడును. గర్భము, రోగము, కేసు, తల్లి కన్నీరు, ఆగిపోవు చదువు ఇవన్నియు "రేపు" అను దూరమున నుండును. అందుచేత అవి అతనికి కానరావు. ఎదుటి మనిషి ముఖమందలి భయము, వెనుకకు జరుగుచున్న చేయి కూడ సరిగా కానరావు.

"బీరు తేలికది, దానివలన ఏమియు కాదు" అను మాట కళాశాలలలో ప్రచారమందున్నది. లెక్క వేసి చూతము. ఘాటు బీరులో సారము నూటికి 8 పాళ్ల వరకు నుండును. 650 మిల్లీలీటర్ల పెద్ద సీసాలో ఆ లెక్కన 52 మిల్లీలీటర్ల సారమున్నది. 30 మిల్లీలీటర్ల చిన్న పెగ్గు విస్కీలో సుమారు 13 మిల్లీలీటర్లు ఉండును. అనగా ఒక్క సీసా ఘాటు బీరు నాలుగు చిన్న పెగ్గుల విస్కీతో సమానము. కాలేయము గంటకు సుమారు ఒక చిన్న పెగ్గును మాత్రమే అరిగించగలదు. కనుక ఆ ఒక్క సీసా దిగుటకు నాలుగు గంటలైనను పట్టును. మజ్జిగ, నిమ్మరసము, కాఫీ, చన్నీటి స్నానము ఏవియు ఈ వేగమును పెంచజాలవు. స్త్రీల శరీరమందు నీటి పాలు తక్కువగుటచే, అదే కొలత త్రాగినను రక్తమందు సారము వారికి ఎక్కువగా చేరును.

మరియొక సంగతి తెలిసికొనవలయును. వేగముగా ఎక్కువ త్రాగినవారు కొందరు నడచుచు, మాటలాడుచు, నవ్వుచునే యుందురు గాని మెదడు ఆ గంటలను జ్ఞాపకములో వ్రాసికొనదు. మరునాడు ఏమి జరిగినదో వారికి తెలియదు. చూచువారికి వారు మెలకువగానే కనబడుదురు. కాబట్టి "ఆమె మాటలాడుచునే యుండెను గదా" అని పలికినంత మాత్రమున ఆమె తెలిసి ఒప్పుకొన్నదని చెప్పుటకు వీలులేదు.

ఇష్టము లేనిచోట, తెలివి లేనిచోట సమ్మతి లేదు

ఈ భాగమును కుమారులున్న తల్లిదండ్రులు తప్పక చదువవలయును. మన ఇండ్లలో జాగ్రత్తలన్నియు కుమార్తెకే చెప్పుట వాడుక. కుమారునికి చెప్పవలసినది అంతకంటె తక్కువ కాదు.

2024 జూలై 1వ తేదీ నుండి అమలులోనికి వచ్చిన భారతీయ న్యాయ సంహిత, 63వ సెక్షనులో ఈ విషయమును స్పష్టము చేయుచున్నది. మత్తువలన తాను ఒప్పుకొనుచున్న దాని స్వభావమును, ఫలితమును గ్రహింపలేని స్థితిలో స్త్రీ ఇచ్చిన సమ్మతి సమ్మతి కానేకాదు. అట్టి స్థితిలో ఆమెతో సంపర్కము అత్యాచారమే యగును. దానికి కనీస శిక్ష 10 సంవత్సరముల కఠిన కారాగారము. ఆ మద్యము అతడు పోసినదైనను, ఆమె తానై త్రాగినదైనను, మరియెవరు ఇచ్చినదైనను చట్టము ఒక్కటే. తానును ఇష్టపడి త్రాగి మత్తులో నుంటినని యువకుడు చెప్పుకొన్నను అది తప్పించుకొను దారి కాదు.

వయస్సును గూర్చియు తెలియవలయును. 2012 నాటి పోక్సో చట్టము ప్రకారము 18 ఏండ్లు నిండని బాలిక గాని బాలుడు గాని ఇచ్చిన సమ్మతికి చట్టమందు విలువ లేదు. డిగ్రీ మొదటి సంవత్సరమున చేరిన వారిలో పలువురకు 18 నిండవు. మన రెండు తెలుగు రాష్ట్రములలోను 21 ఏండ్లు నిండనివారికి మద్యము అమ్మరాదు. అమెరికాలోను ఆ వయస్సు 21 ఏండ్లే.

చట్టము కనీసపు హద్దు మాత్రమే. దానికి మించిన మర్యాద ఒకటి కలదు. తోడివారి ఇష్టము సందేహముగా నున్నచో ఆగవలయును. వారు త్రాగియున్నచో ఆగవలయును. మత్తులోనున్న స్నేహితురాలిని ఆమె స్నేహితురాండ్రతో కలిపి భద్రముగా హాస్టలుకు చేర్చిన యువకుడు మగతనమునకు లోటు తెచ్చుకొన్నవాడు కాడు. అతడు ఆ రాత్రి రెండు కుటుంబములను కాపాడినవాడు.

ఆపద జరిగినపుడు గంటలు విలువైనవి

ఎన్ని జాగ్రత్తలు చెప్పినను కొన్ని ఆపదలు జరుగును. అప్పుడు చేయవలసిన పనులు తెలిసియున్న ప్రాణము, ఆరోగ్యము, చదువు నిలుచును.

త్రాగి స్పృహ తప్పినవానిని వెల్లకిల పరుండబెట్టరాదు. వాంతి గొంతుకు అడ్డుపడి ప్రాణము పోవచ్చును. ప్రక్కకు ఒత్తిగిల్లునట్లు పరుండబెట్టి, ఒంటరిగా విడువక, వెంటనే 108 నెంబరునకు ఫోను చేయవలయును. "నిద్రపోతే దిగిపోతుంది" అని గది తలుపు మూసి వెళ్లుట మిక్కిలి ప్రమాదము.

రక్షణ లేని సంపర్కము జరిగినచో 72 గంటలు ముఖ్యమైనవి. గర్భము రాకుండ అత్యవసర మాత్ర మందుల దుకాణమున వైద్యుని చీటీ లేకయే దొరకును. దానిని 72 గంటలలోపల, వీలైనంత ముందుగా, వేసికొనవలయును. హెచ్.ఐ.వి. సోకునను భయమున్నచో దానిని నివారించు మందులును 72 గంటలలోపల మొదలుపెట్టి 28 దినములు వాడవలసియుండును. ఇందుకై ప్రభుత్వ పెద్దాసుపత్రి వైద్యుని వెంటనే కలియవలయును. హెచ్.ఐ.వి. పరీక్ష ఐ.సి.టి.సి. కేంద్రములలో ఉచితము. ఫలితమును రహస్యముగా నుంచుదురు. సందేహములకు 1097 నెంబరు కలదు.

గర్భము నిలిచినచో నాటు మందులు, మంత్రసాని ప్రయోగములు ప్రాణాంతకములు. 1971 నాటి వైద్య గర్భస్రావ చట్టము 2021లో సవరింపబడినది. అవివాహిత యను కారణమున ఏ స్త్రీకిని ఈ చట్టపు రక్షణ నిరాకరింపరాదని 2022 సెప్టెంబరు 29న సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. 18 ఏండ్లు నిండిన స్త్రీకి ఆమె స్వంత సమ్మతి చాలును. ఆమె పేరు బయట పెట్టరాదు.

బలాత్కారము జరిగినచో తప్పు చేసినవానిదే తప్పు. త్రాగినదనియో, రాత్రి వేళ వెళ్లినదనియో బాధితురాలిని దోషిగా నిలుపుట అన్యాయము. 112 నెంబరునకు గాని, స్త్రీల సహాయమునకై 181 నెంబరునకు గాని ఫోను చేయవచ్చును. సంఘటన ఏ ఊర జరిగినను ఏ పోలీసు స్టేషనులోనైనను ఫిర్యాదు తీసికొనవలసినదే. ప్రభుత్వ ఆసుపత్రియైనను, ప్రైవేటు ఆసుపత్రియైనను ఆమెకు ఉచితముగా చికిత్స చేయవలయునని చట్టము శాసించుచున్నది. ఆమె పేరును ప్రచురించుట నేరము. వీలైనచో పరీక్షకు ముందు స్నానము చేయక, ఆనాటి దుస్తులను ఉతుకక కాగితపు సంచిలో ఉంచుట సాక్ష్యమునకు మేలు. స్నానము చేసినప్పటికిని వైద్యమునకు, ఫిర్యాదునకు వెనుకాడనక్కరలేదు.

72 గంటలు ఎందుకు గడచిపోవును?

ఇన్ని సదుపాయములున్నను ఆపదలోనున్న పిల్లలు వానిని వాడుకొనలేకపోవుటకు ముఖ్య కారణము భయము. పోలీసులకంటెను, వైద్యునికంటెను వారు ఎక్కువ భయపడునది ఇంటికి. "నాన్నకు తెలిస్తే చదువు మాన్పించి పెండ్లి చేస్తాడు" అని కూతురు భయపడును. "ఊళ్లో తల ఎత్తుకోలేం అంటారు" అని కొడుకు భయపడును. ఆ భయముతో ఒక దినము గడచును, రెండవ దినము గడచును, మూడవ దినముతో మందు పనిచేయు గడువు తీరిపోవును. తల్లిదండ్రులు పరువు కొరకు పాటించిన మౌనము పిల్లల ప్రాణము మీదికి వచ్చును.

కనుక పిల్లలు ఊరు విడుచుటకు ముందే ఇంటి ద్వారము తెరచియున్నదని చెప్పవలయును. చెప్పుటకు పెద్ద ఉపన్యాసము అక్కరలేదు. తల్లి ఇట్లనిన చాలును: "అమ్మాయీ, తాగడం మాకు ఇష్టం లేదు. ఎందుకో కూడా చెప్పాను. అయినా ఎప్పుడైనా ఏదైనా జరిగితే, అర్ధరాత్రయినా సరే, ముందు నాకు ఫోన్ చెయ్యి. నిన్ను ఇంటికి తెచ్చుకోవడం ముందు, కోపాలు తరువాత. నీ చదువు ఆపము." తండ్రి కుమారునితో ఇట్లనవచ్చును: "ఒరే నాన్నా, నువ్వు వద్దంటే నవ్వేవాళ్లు ఉంటారు, నవ్వనీ. ఆడపిల్ల ఒళ్లు తెలియకుండా ఉంటే ఆమె నీ బాధ్యత. క్షేమంగా చేర్చు. నీకు ఇబ్బంది వస్తే నాకు చెప్పు, దాచకు." ఇట్లు చెప్పినంత మాత్రమున అనుమతి ఇచ్చినట్లు కాదు. ఇష్టములేనిదేదో, సహాయమెక్కడనో రెండును ఒకేమారు తెలిపినట్లగును.

తండ్రి సాయంకాలము సీసా తెరచి, కుమారునికి మద్యపాన నిషేధము బోధించినచో ఆ బోధ చెవికెక్కదు. దుకాణమునకు బాలుని పంపి మద్యము తెప్పించు ఇండ్లలో మొదటి పాఠము అక్కడనే నేర్పబడుచున్నది. ఆ అలవాటు మానుట పిల్లలకు చెప్పు మాటలన్నిటికంటె బలమైనది. మానలేక బాధపడువారికి, మనస్సు కలతచెందిన విద్యార్థులకు టెలి మానస్ వారి 14416 నెంబరున ఉచిత సలహా తెలుగులో లభించును.

ఒక్క పాఠము ఏమి చేయగలదని సందేహించువారికి నెల్లూరు జిల్లా దూబగుంట గ్రామమును జ్ఞాపకము చేయుచున్నాము. అక్షరాస్యత ఉద్యమపు రాత్రి బడులలో సారావలన చెడిన సంసారమును గూర్చిన పాఠము చదివి, అది తమ కథయే యని గ్రహించి, 1992లో వర్ధినేని రోశమ్మ మొదలగు స్త్రీలు ఊరి సారా దుకాణమును మూయించిరి. ఆ కదలిక రాష్ట్రమంతట వ్యాపించినది. 1993 అక్టోబరు 1 నుండి సారా నిషేధము వచ్చినది. 1995 జనవరిలో వచ్చిన సంపూర్ణ మద్యనిషేధము 1997లో సడలింపబడినను, నలుగురు కూడి పైకి మాటాడుకొన్నచో "అందరును ఇంతే" అను మాట నిలువజాలదని ఆ స్త్రీలు ఋజువు చేసిరి. ఒక్కొక్క యింట ఒంటరిగా ఏడ్చినంత కాలము ప్రతి స్త్రీయు అది తన కర్మమే యనుకొనెను. కలిసి చదివిన నాడు అందరి కష్టమును ఒక్కటేనని తెలిసినది. హాస్టలు గదులలోని మన పిల్లలకును ఇట్టి మాటయే కావలసియున్నది.

కూడి చర్చించుటకు ప్రశ్నలు

ఈ పాఠమును గ్రామ గ్రంథాలయమునందు గాని, స్వయంసహాయక సంఘపు సమావేశమునందు గాని ఒకరు చదువగా తక్కినవారు విని, క్రింది ప్రశ్నలను చర్చింపవలయును.

1. "అందరును త్రాగుచున్నారు" అను పిల్లవానికి మీరేమని సమాధానము చెప్పుదురు? అందుకు ఏ లెక్కలు చూపుదురు?

2. ఒక సీసా ఘాటు బీరు ఎన్ని చిన్న పెగ్గులతో సమానము? దాని మత్తు దిగుటకు ఎంత కాలము పట్టును?

3. మత్తులోనున్నవారి సమ్మతి ఎందుకు చెల్లదు? ఈ సంగతిని మీ ఊరి యువకులకు ఎవరు, ఎప్పుడు చెప్పవలయును?

4. 108, 112, 181, 1097, 14416 ఈ నెంబరులు ఏయే పనులకు? అవి మీ పిల్లల ఫోనులో నున్నవా?

5. మీ కుమార్తె గాని కుమారుడు గాని ఈ రాత్రి ఆపదలో చిక్కినచో మొదట ఎవరికి ఫోను చేయుదురు? ఆ పేరు మీది కానిచో, అది మీది యగుటకు ఈ వారమే వారితో ఏమని మాటాడుదురు?